పినియన్ సీలు రెండుసార్లు మార్చినా హౌసింగు మళ్లీ కారుతోంది: తప్పు సీలుదా, నట్టుదా?

హన్మకొండ_జీపు:

బండి వెనక చక్రాలు నడిచే డీజిల్ జీపు. వెనక లీఫ్ స్ప్రింగులు, 1,38,000 కిలోమీటర్లు తిరిగింది. వెనక యాక్సిల్ మధ్యలో గేర్లుండే హౌసింగు ముందు, గేరుబాక్సు నుంచి జాయింట్ రాడ్డు వచ్చి కలిసే చోట గేర్ ఆయిల్ కారుతోంది. ఏడు నెలల్లో రెండుసార్లు అక్కడి పినియన్ (ఆ రాడ్డు తిప్పే చిన్న గేరు) చుట్టూ నూనె ఆపే సీలు మార్పించాను. మొదటిది రెండు నెలలు ఆగింది, రెండోది ఐదు వారాలే. రాత్రి నిలబెడితే పొద్దున్నకల్లా నేల మీద అరచేయంత మరక. పైన ఫ్లోరు రేకుకు కూడా అడ్డంగా ఒక చార లాగా నూనె చిమ్మి ఉంది. ఇంకోటి, 60 స్పీడు దాటాక యాక్సిలరేటర్ వదిలితే సన్నగా 'ఊఁ' అని మోత వస్తోంది. ఇది రెండో సీలు వేశాకే మొదలైంది.

బండి వారానికి రెండుసార్లు భూపాలపల్లి వైపు పోతుంది. సీజన్లో ఎనుమాముల మార్కెట్‌కు మిర్చి బస్తాలు కూడా వేస్తాం.

ఈసారి పని దగ్గరుండి చేయించాలనుకుంటున్నా. సీలు కొనేటప్పుడు ఏం చూడాలి? నట్టు ఎంత బిగించాలి? ఒకరు "కదలకుండా అయ్యేదాకా బిగించు" అంటారు. ఇంకొకరు లోపల క్రష్ స్లీవు మార్చకుండా నట్టు ముట్టుకోవద్దంటారు. రెండింట్లో ఏది నిజం?

పరకాల_పానా:

అన్నా, మూడో సీలు ఇప్పుడే కొనకు. మంచి సీలు ఐదు వారాలల్ల తనంతట తాను పోదు. దాన్ని ఏదో ఒకటి తింటున్నది. అది దొరకకుంట ఎన్ని సీళ్లు ఏసినా గంతే.

ముందుగాల హౌసింగు మూతిని డీజిలు, బ్రష్షు పెట్టి మంచిగ కడుగు. బట్టతోని తుడిచి, ఆరినంక ముగ్గుపిండో, ముఖానికి రాసే పౌడరో చల్లు. ఇరవై కిలోమీటర్లు తిప్పుకొచ్చి టార్చి పట్టి చూడు. తడి మొదలైన జాగనే చూడాలె, బొట్టు పడే జాగ కాదు. గాలికి నూనె ముందలికెల్లి వెనక్కి పాకుతది. గేరుబాక్సు వెనక సీలు లీకైనా ఆ నూనె జాయింట్ రాడ్డు పొంటి వచ్చి హౌసింగు మీద పడ్తది. వాసన చూసినా కొంత తెలుస్తది: హౌసింగు నూనెకు గంధకం కంపు కొడ్తది, ఇంజన్ ఆయిల్‌కు ఆ కంపు ఉండదు.

నీ ఫ్లోరు మీద చార ఉన్నదంటున్నవు గద, అది మంచి గుర్తు. గ్యాస్కెట్ కాడ కారిన బొట్టు కిందికే జారుతది. తిరిగే ఫ్లాంజు (పినియన్ కొసకు ఉండే, జాయింట్ రాడ్డు బోల్టులు పడే గిన్నె) మీద పడ్డ నూనెనే పైకి చిమ్ముతది. అంటే సీలు కాడనే, లేకుంటె ఫ్లాంజు లోపలి గాళ్ల (స్ప్లైన్ల) నుంచి. ఈ రెండోది చానమంది చూడరు. పినియన్ మీద గాళ్లు, ఫ్లాంజు లోపట గాళ్లు ఒకదాంట్ల ఒకటి కూసుంటయ్ గద, ఆ సందుల పొంటి నూనె పాకి నట్టు కింది వాషరు దాటి బయటికొస్తది. జాయింట్ రాడ్డు విప్పి ఫ్లాంజు గిన్నె లోపలికి చూడు. నట్టు చుట్టూ తడి ఉంటె గాళ్ల లీకు. గిన్నె పొడిగ ఉండి ఫ్లాంజు వెనక మెడ కాడ తడి ఉంటె సీలు. గాళ్ల లీకుకు సీలు ఎన్నిసార్లు మార్చినా ఆగదు.

తర్వాత ప్లే, అంటె వదులు, చూడు. ఫ్లాంజును రెండు చేతులతోని పట్టి ముందుకు, వెనక్కు, పైకి, కిందికి గుంజు. గుండ్రంగ తిప్పితె కొంచెం ఖాళీ తగులుతది, అది పళ్ల మధ్య ఉండవలసిన ఖాళీ, దానికి భయపడకు. కని ముందుకు వెనక్కు అసలే కదలొద్దు. ఇసుమంత 'టక్' అన్నా పినియన్ బేరింగులు వదులైనట్టే. అప్పుడు సీలు పెదవి మీద పినియన్ ఊగుతది, ఏ సీలూ నిలువది. నువ్వు చెప్పిన మోత యాక్సిలరేటర్ వదిలినప్పుడే వస్తున్నదంటే నా అనుమానం ఇటే పోతున్నది. పళ్లు అరిగితె ఎక్కువ శాతం తొక్కినప్పుడు అరుస్తది. వదిలినప్పుడు అరిచేది పినియన్ బేరింగు వదులైనప్పుడు.

ఆఖరికి బ్రీదర్, హౌసింగు లోపటి గాలి పోయే తొవ్వ. యాక్సిల్ గొట్టం మీద వేలి గోరంత మూత ఉంటది, చేత్తో తిప్పితె తిరగాలె, నోటితోని ఊదితె గాలి పోవాలె. భూపాలపల్లి తొవ్వ బొగ్గు దుమ్ము, వానాకాలం బురద కలిసి అది గట్టిగ బిగుసుకుంటది. హౌసింగు వేడెక్కితె లోపటి గాలి ఉబ్బి, తొవ్వ లేక సీలు పెదవిని లేపుకొని పోతది, ఎంబడి నూనెను తీసుకపోతది. ఈ నాలుగు చూసి ఇక్కడ రాయి, తర్వాత సీలు సంగతి.

కాజీపేట_క్రౌన్:

పైన చెప్పినవన్నీ చూడండి. నేను నట్టు సంగతి చెబుతాను, ఎందుకంటే ఈ పనిలో సీలు వందల్లో వచ్చే వస్తువు, నట్టు తప్పితే పోయేవి వేలల్లో ఉండే బేరింగులు, క్రౌన్ (పినియన్ తిప్పే పెద్ద పళ్ల చక్రం), పినియన్.

పినియన్ రెండు టేపర్ బేరింగుల మీద తిరుగుతుంది. ఆ రెండింటినీ ఎదురెదురుగా కొంత బిగువుతో పట్టి ఉంచేదే ఈ నట్టు. అంటే ఇది ఫ్లాంజు ఊడకుండా పట్టే నట్టు మాత్రమే కాదు, బేరింగుల బిగువు మొత్తం దీని చేతిలో ఉంది. చాలా బండ్లలో రెండు బేరింగుల మధ్య క్రష్ స్లీవు అనే పల్చటి ఇనుప గొట్టం ఉంటుంది. నట్టు బిగించేకొద్దీ అది నలిగి పొట్టిదవుతుంది. నలిగింది మళ్లీ సాగదు. అందుకే ఎక్కువ బిగించాక కొంచెం వెనక్కు వదిలితే సరిపోతుందనే లెక్క ఇక్కడ పనిచేయదు. కొన్ని హౌసింగులకు స్లీవు బదులు షిమ్ములు (లెక్క ప్రకారం మందం ఉన్న పల్చటి రింగులు) ఉంటాయి, వాటికి మాన్యువల్లో ఇచ్చిన టార్క్‌కు బిగిస్తే పని అయిపోతుంది. మీ బండికి స్లీవు ఉందో షిమ్ములో స్పేర్ల దుకాణంలో బండి మోడలు, సంవత్సరం చెప్పి ముందే అడగండి. ఇది తెలియకుండా పానా పట్టొద్దు.

సీలు ఒక్కటే మార్చే పనికి పద్ధతి ఇది. సమతలంగా ఉన్న చోట బండి నిలిపి ముందు చక్రాలకు రెండు వైపులా రాళ్లు పెట్టండి. జాయింట్ రాడ్డు విప్పాక గేరులో ఉన్నా గేరు బండిని ఆపదు, వెనక చక్రాలు గాలిలో ఉంటాయి కాబట్టి హ్యాండ్ బ్రేకూ ఆపదు. జాకీ మీద కాకుండా యాక్సిల్ గొట్టాల కింద స్టాండ్లు పెట్టండి. నూనె కిందికి వదిలే ముందు నింపే బిరడా విప్పి చూడండి. అది బిగుసుకుపోయి రాకపోతే, ఖాళీ చేసిన హౌసింగుతో బండి అక్కడే ఉండిపోతుంది. వెనక లేపిన బండిలో పినియన్ మూతి కిందికి వంగుతుంది, నూనె తీయకుండా సీలు లాగితే మొత్తం మీద పడుతుంది.

జాయింట్ రాడ్డు, ఫ్లాంజు కలిసే చోట రెండింటి మీదా పెయింటుతో ఒకే గీత గీయండి. అదే గీతకు తిరిగి కలపకపోతే అదురు మొదలవుతుంది. విప్పిన రాడ్డును వేలాడనివ్వకుండా తీగతో ఛాసిస్‌కు కట్టండి.

ఇప్పుడు అసలైన కొలత, నట్టు విప్పక ముందే. బ్రేకు డ్రమ్ములు తీసేయండి, లైనర్లు రాసుకుంటే లెక్క తప్పుతుంది. ఫ్లాంజుకు దారం నాలుగు చుట్లు చుట్టి, కూరగాయలు తూచే స్ప్రింగ్ కాంటా కొక్కేనికి కట్టి, ఒకే వేగంతో లాగండి. కదిలించడానికి పట్టిన బరువు కాదు, తిరుగుతున్నప్పుడు ముల్లు నిలిచిన అంకె రాసుకోండి. ఫ్లాంజు అడ్డుకొలత 10 సెంటీమీటర్లయితే సగం 5. కాంటా 3 కేజీలు చూపితే 5 ఇంటూ 3, అంటే 15 కేజీ-సెంటీమీటర్లు, సుమారు 1.5 న్యూటన్ మీటర్లు. ఇంతకంటే ఖరీదైన పనిముట్టు అవసరం లేదు.

తర్వాత సెంటర్ పంచ్‌తో నట్టు, పినియన్ కొస, ఫ్లాంజు మూడింటి మీదా ఒకే వరుసలో చుక్కలు పెట్టండి. నట్టు బయట ఎన్ని మరలు కనిపిస్తున్నాయో లెక్కపెట్టండి. విప్పేటప్పుడు ఎన్ని చుట్లు తిరిగిందో కూడా రాసుకోండి. ఫ్లాంజును తిరగకుండా పట్టడానికి మూడడుగుల పొడవు, 10 మిల్లీమీటర్ల మందం ఉన్న ఇనుప పట్టీకి ఫ్లాంజు బోల్టుల దూరంలో రెండు రంధ్రాలు వేయించండి, వెల్డింగ్ షాపులో పది నిమిషాల పని. పైపు పానా పెట్టి ఫ్లాంజు పట్టుకుంటే దాని అంచు చెడుతుంది. ఫ్లాంజు రాకపోతే రెండు కాళ్ల పుల్లరుతోనే లాగాలి. వెనక నుంచి సుత్తితో కొడితే ఆ దెబ్బ బేరింగు గుండ్ల మీద అచ్చు పడేలా చేస్తుంది, మోత పది రోజుల తర్వాత వినిపిస్తుంది.

తిరిగి బిగించేటప్పుడు కొత్త నట్టు వేస్తే చుక్క ఉండదు కాబట్టి, ముందు పాత నట్టుతోనే చుక్కలు కలిసే దాకా తెచ్చి, బయటి మరలు లెక్క చూసి, ఆ స్థానాన్ని ఫ్లాంజు మీద గుర్తు పెట్టుకోండి. చుక్క కలిశాక ఐదు డిగ్రీలంత, గడియారంలో పెద్ద ముల్లు ఒక నిమిషంలో కదిలే దూరం కంటే కాస్త తక్కువ మాత్రమే ముందుకు. తర్వాత కాంటా పెట్టి చూడండి, పాత అంకెకు సమానం, లేదా 3 నుంచి 5 కేజీ-సెంటీమీటర్లు ఎక్కువ. ఆ ఎక్కువలో చాలా భాగం కొత్త సీలు రాపిడే. గాలి గన్‌తో నట్టు విప్పొచ్చు, బిగించడానికి మాత్రం దాన్ని దగ్గరికి రానివ్వొద్దు.

ఖని_గేరుపెట్టె:

ఇక్కడ నాది వేరే మాట. మాన్యువళ్లు చాలావరకు సీలు తీసిన ప్రతిసారీ కొత్త స్లీవు, కొత్త నట్టు అనే రాస్తాయి. చుక్కలు కలిపే పద్ధతి ఊర్లలో అందరూ చేస్తారు, నిజమే, కానీ అది ఎవరూ ముట్టని నట్టుకే పనికొస్తుంది. ఈయన నట్టును ఇప్పటికే ఇద్దరు ముట్టారు. కంపెనీ బిగించిన స్థానం ఎక్కడిదో ఎవరికీ తెలియదు. తప్పు చోట ఉన్న నట్టుకు చుక్క పెట్టి, అదే తప్పు చోటికి తిరిగి తెస్తే లాభమేంటి?

కాజీపేట_క్రౌన్:

సరిగ్గా చెప్పారు, ఆ తేడా నేను రాయాల్సింది. ఎవరూ ముట్టని నట్టు, ప్లే లేదు, మోత లేదు అంటే చుక్కల పద్ధతి, పాత స్లీవు చాలు. మోత ఉన్నా, ప్లే ఉన్నా, ఎన్నిసార్లు విప్పారో తెలియకపోయినా కొత్త స్లీవు తప్పదు. ఈయనది రెండో రకమనే అనిపిస్తోంది. కొలతలు రానివ్వండి.

హన్మకొండ_జీపు:

చూశాను. ఫ్లాంజు ముందుకు వెనక్కు గుంజితే సన్నగా 'టక్' అంటోంది. 11 సెంటీమీటర్ల ఫ్లాంజుకు దారం చుట్టి లాగితే కాంటా ముల్లు అర కేజీ కూడా దాటలేదు. బ్రీదర్ మూత తిరగట్లేదు, సూదితో పొడిస్తే నల్లటి మట్టి ముద్ద వచ్చింది. నట్టు చుట్టూ గిన్నె పొడిగానే ఉంది. కింది బిరడా అయస్కాంతానికి బూడిద రంగు మెత్తటి ముద్ద అంటుకుంది, పలుకులేమీ లేవు. నూనె నల్లగా ఉంది, పాల రంగు కాదు. ఫ్లాంజు తీశాక దాని మెడ మీద సీలు రాసుకునే చోట గీత పడింది, గోరు అడ్డం పెడితే ఆగుతోంది. స్లీవు రకమేనని దుకాణంలో చెప్పారు. ఇప్పుడు బేరింగులు మార్చాలా?

కాజీపేట_క్రౌన్:

అర కేజీ ఇంటూ 5.5 అంటే మూడు కేజీ-సెంటీమీటర్లు కూడా లేదు. అంటే బేరింగులకు బిగువే లేదు. రెండోసారి నట్టును పాత స్థానం దాకా తీసుకురాకుండా వదిలేశారు. బ్రేకు వేసినా, యాక్సిలరేటర్ వదిలినా పినియన్ ముందుకు వెనక్కు ఊగింది, సీలు ఐదు వారాల్లో పోయింది. మోత కూడా అదే.

పలుకులు లేకపోవడం మంచి వార్త. కానీ ఐదు వారాలు మిర్చి బస్తాలతో వదులు బేరింగు మీద తిరిగింది కాబట్టి ముందు బేరింగునైనా కంటితో చూడాలి. ఫ్లాంజు, సీలు, నూనె విసిరే రేకు తీశాక ముందు బేరింగు కనిపిస్తుంది. గుండ్లు నున్నగా అద్దంలా ఉండాలి. నీలం రంగు, చిన్న గుంతలు, గరుకు మచ్చలు ఉంటే లోపలి బేరింగును కూడా నమ్మొద్దు, క్రౌన్ బయటికి తీసి రెండూ కప్పులతో సహా జతగా మార్చండి. వెనక బేరింగు కింద పినియన్ తలకాయ దగ్గర ఒక షిమ్ము ఉంటుంది, పళ్లు ఎంత లోతుగా కలవాలో అది నిర్ణయిస్తుంది. పినియన్ మార్చకపోతే ఆ షిమ్మును అదే మందంతో తిరిగి వేయండి. అది ఎక్కడో పడిపోతే ఆ హౌసింగును మళ్లీ నిశ్శబ్దంగా చేయడం చాలా కష్టం.

కొత్త స్లీవు బిగించడం ఓపిక పని. మొదట ఎంత లాగినా నట్టు కదలదనిపిస్తుంది, ఎందుకంటే స్లీవు నలగడం మొదలవ్వాలంటే చాలా బండ్లకు 200 నుంచి 300 న్యూటన్ మీటర్ల దాకా పడుతుంది. మీటరు పొడవు పైపు మీద 20 కేజీల బరువు ఆనితే దాదాపు 200. నలగడం మొదలయ్యాక ప్లే పోతుంది. ప్లే పోయిన క్షణం నుంచి జాగ్రత్త. ఇక్కడి నుంచి ప్రతిసారి ఐదు డిగ్రీలే తిప్పి, ఫ్లాంజును చేత్తో నాలుగైదు చుట్లు తిప్పి గుండ్లను సర్దుకోనిచ్చి, కాంటాతో కొలవాలి. చాలాసేపు ఏమీ రాదు. వచ్చినప్పుడు పావు వంతు తిప్పులోనే మొత్తం వచ్చేస్తుంది. దాటిపోతే స్లీవు తీసి కొత్తది వేయాలి. అందుకే ఒకటికి రెండు స్లీవులు కొనుక్కుని మొదలుపెట్టండి.

అంకెలు: మీ బండి మాన్యువల్ దొరికితే అదే చెల్లుతుంది. దొరకకపోతే, ఈ తరగతి బండ్లకు సాధారణంగా కొత్త బేరింగులకు 17 నుంచి 35 కేజీ-సెంటీమీటర్లు, నడిచిన బేరింగులకు అందులో సగం, 9 నుంచి 17. ఇవి పినియన్ ఒక్కటే తిరుగుతున్నప్పటి లెక్కలు. క్రౌన్, యాక్సిల్ షాఫ్టులు కూడా కలిసి తిరుగుతుంటే కొంచెం ఎక్కువే చూపుతుంది. నడిచిన బేరింగుకు కొత్తదాని అంకె పెట్టడం చాలామంది చేసే తప్పు. నున్నగా అరిగిన గుండ్లు అంత బిగువుకు వేడెక్కి రంగు మారతాయి. ఇంకో గుర్తు: చాలా తక్కువ బలంతోనే నట్టు సులువుగా తిరుగుతూ బిగువు వచ్చేస్తే స్లీవు నట్టును పట్టుకోవడం లేదు. ఆ నట్టు దారిలో వదులైపోతుంది.

పరకాల_పానా:

ఇగ సీలు సంగతి. దాని ముఖం మీద మూడు అంకెలుంటయ్. ఉదాహరణకు 40 62 10 అంటె లోపలి కొలత 40 మిల్లీమీటర్లు, బయటిది 62, మందం 10. నీ పాత సీలు మీద అంకె అరిగితె ఫ్లాంజు మెడను, హౌసింగు రంధ్రాన్ని వెర్నియర్‌తోని కొలిపియ్యి. దుకాణం కాడ "గిదే పడ్తది" అని మందం ఎక్కువది ఇస్తరు. తీసుకోకు. చాన హౌసింగులల్ల సీలు వెనక, బేరింగు ముంగట, నూనె తిరిగి లోపటికి పోయే రంధ్రం ఉంటది. మందపుది ఏసినా, సరైనదాన్ని లోతుకు కొట్టినా ఆ తొవ్వ మూసుకపోతది. బేరింగు దాటొచ్చిన నూనె వెనక్కు పోలేక సీలు మీద నిలుస్తది.

టీసీ అని రాసి ఉంటె రెండు పెదవులు, బయట రబ్బరు పూత. రెండో పెదవి దుమ్ము ఆపేది, మన తొవ్వలకు అది ఉండాల్సిందే. రబ్బరు మామూలుగ నైట్రైల్, నూటిరవై డిగ్రీలు దాటితె గట్టిపడ్తది. లోడు ఏసే బండికి, మన ఎండలకు వైటాన్ దొరికితె తీసుకో, ధర ఎక్కువే కని వేడికి ఆగుతది. పెదవి మీద ఏటవాలు గీతలు, బాణం గుర్తు ఉంటె ఆ సీలు ఒకే దిక్కు తిరిగేది, బాణం బండి ముందుకు పోయేటప్పుడు ఫ్లాంజు తిరిగే దిక్కు ఉండాలె. ఇంకోమాట, ఆటోనగర్‌ల గానీ ఇంకెక్కడ గానీ, మేకుకో, తీగకో దండ లెక్క గుచ్చి ఏలాడదీసిన సీలు కొనకు. వారాల తరబడి తన బరువుకే పెదవి ఒకదిక్కు సాగుతది. డబ్బాల పండవెట్టినది అడుగు.

ఫ్లాంజు మీద గోరు ఆగే గీత ఉన్నదంటున్నవు. గిదే నీ మొదటి సీలును తిన్నది. కరీంనగర్ దిక్కు గ్రానైటు దుమ్మైనా, బొగ్గు దుమ్మైనా పెదవి రబ్బరుల ఇరుక్కొని, ఆకురాయి లెక్క ఇనుమును చెక్కుతది. గ్రానైటుల ఉండే క్వార్ట్జ్ మామూలు ఇనుము కంటె గట్టిది, రబ్బరు మెత్తగున్నా గీత పడేది అందుకే. దీనికి మూడు తొవ్వలు. కొత్త ఫ్లాంజు దొరికితె అదే మేలు. లేకుంటె గీత మీద ఎక్కించే పల్చటి స్టీలు స్లీవు వస్తది, పావు మిల్లీమీటరు మందమే ఉంటది కాబట్టి అదే సైజు సీలు పడ్తది. మూడోది ఉచితం: సీలును ఒకటి రెండు మిల్లీమీటర్లు బయటికి కూసోబెడ్తె పెదవి కొత్త జాగల నడుస్తది. ఇది హౌసింగు మూతి లోతుగ ఉంటెనే, లోపలికి కాదు బయటికే, ఎందుకో పైన చెప్పిన. గోరు ఆగని సన్న గీతైతె 600 నంబరు నీటి ఎమరీతోని చుట్టూ తిప్పి రుద్దు. పొడుగూతంగ రుద్దితె ఆ గీతలే నూనెకు కాలువలు.

పాత సీలు తీయడానికి దాని రేకుకు రెండు చిన్న రంధ్రాలు పెట్టి, రేకు మరలు ఎక్కించి, కటింగ్ ప్లేరుతోని ఒక్కో దిక్కు కొంచెం కొంచెం గుంజు. స్క్రూడ్రైవర్ పెట్టి ఎత్తితె హౌసింగు గోడకు గీత పడ్తది, అప్పుడు సీలు బయటి అంచు కాడ లీకు మొదలైతది. ఇనుప రజను లోపలికి పోకుంట డ్రిల్లు కొనకు గ్రీజు రాయి.

కొత్తది ఏసేటప్పుడు స్ప్రింగు ఉన్న ముఖం లోపలికి, నూనె దిక్కు. స్ప్రింగు గాడిల గ్రీజు నింపు, లేకుంటె కొట్టేటప్పుడు ఎగిరి లోపల పడ్తది, నీకు తెల్వనే తెల్వది. రెండు పెదవుల సందుల గ్రీజు పెట్టు. పెదవికి గేర్ ఆయిల్ రాయి, పొడి పెదవి మొదటి కిలోమీటరులనే కాలుతది. బయటి కొలతకు సరిపోయే పైపు ముక్కో, పాత బేరింగు బయటి కప్పో పెట్టి, చుట్టూ సమానంగ కొట్టు. ఒక దిక్కు ముందు పోతె ఆపి ఇంకో దిక్కు కొట్టు, వంకరగ కూసున్న సీలును తిరిగి సరిచేయడానికి రాదు.

నీ గిన్నె పొడిగ ఉన్నా సరే, ఫ్లాంజు ఎక్కించే ముందు లోపలి గాళ్లకు, నట్టు కింది వాషరు ముఖానికి సిలికాన్ గ్యాస్కెట్ పేస్టు సన్నగ రాయి. పూర్తిగ ఆరకముందే బిగించాలె.

కాజీపేట_క్రౌన్:

నూనె: జీఎల్-5 గ్రేడు, 80డబ్ల్యూ-90 మామూలుగా. ఎప్పుడూ నిండు లోడుతో తిరిగే బండికి ఎండాకాలంలో 85డబ్ల్యూ-140 వేయొచ్చు. బండిని స్టాండ్ల మీద నుంచి దించి, సమతలం మీద నిలబెట్టి, నింపే రంధ్రం కింది అంచు నుంచి సన్నగా కారడం మొదలయ్యేదాకా పోయండి, అక్కడ ఆపండి. వెనక ఎత్తి ఉండగా పోస్తే మూతి వైపు ఎక్కువ నిలిచి లెక్క తప్పుతుంది. "కొంచెం ఎక్కువుంటే మంచిదే" అని రంధ్రం మీద దాకా నింపితే నురుగు కడుతుంది, అదీ సీలు మీదికే వస్తుంది. వెనక డిఫరెన్షియల్‌లో జారకుండా పట్టే రకం ఉన్న బండికి దానికి చెప్పిన నూనె వేరే ఉంటుంది, డబ్బా మీద చదివి వేయండి.

ఖని_గేరుపెట్టె:

బ్రీదర్ శుభ్రం చేసి వదలొద్దు. మూత తీసేసి అక్కడ గొట్టం తగిలే నిపుల్ పెట్టండి, 6 లేదా 8 మిల్లీమీటర్ల నూనె తట్టుకునే రబ్బరు గొట్టం ఎక్కించి, ఛాసిస్ మీదుగా డీజిల్ నింపే మూతి ఎత్తుకు తీసుకెళ్లి, కొసకు చిన్న ఇంధన ఫిల్టరు తగిలించండి. యాక్సిల్ పైకీ కిందికీ ఊగుతుంది కాబట్టి మధ్యలో ఒక వంపు వదలండి, బిగుతుగా కడితే లోడులో తెగుతుంది. సైలెన్సరుకు జానెడు దూరం ఉంచండి.

దుమ్ముకు మాత్రమే కాదు, వాగులకు కూడా ఇది అవసరం. మేడారం జాతరకు జంపన్న వాగు దాటినా, వానాకాలం కాజ్‌వేల మీద నీళ్లలో దిగినా, వేడిగా ఉన్న హౌసింగు చల్ల నీళ్లలో ఒక్కసారిగా చల్లబడుతుంది. లోపలి గాలి ముడుచుకుని పీల్చుకుంటుంది. బ్రీదర్ నీళ్లలో మునిగి ఉంటే నీళ్లనే పీలుస్తుంది, బ్రీదర్ మూసుకుపోయి ఉంటే సీలు పెదవి సందు నుంచి పీలుస్తుంది. తర్వాత నూనె పాలు కలిపిన చాయ్ రంగులోకి వస్తుంది. ఆ రంగు కనిపిస్తే ఆలస్యం చేయకుండా మార్చాలి, నీళ్లు కలిసిన నూనెతో బేరింగు గుండ్లకు తుప్పు చుక్కలు పడతాయి.

నర్సంపేట_లోడు:

నాది ఇంకో రకం. ముందు మూతి పొడిగానే ఉంది, వెనక ఎడమ చక్రం డ్రమ్ము లోపల నూనె. ఇదీ బ్రీదరేనా?

పరకాల_పానా:

ముందు అది ఏం నూనెనో చూడు. వేలికి జిగటగ, గంధకం కంపుతోని ఉంటె హౌసింగు నూనె, నీళ్ల లెక్క పల్చగ ఉంటె బ్రేకు సిలిండరు లీకు, రెండోదైతె బండి తీయకు. హౌసింగు నూనె అయితె యాక్సిల్ కొస సీలు పోయింది. ఒక్క దిక్కే వచ్చిందంటె బ్రీదరు, ఎక్కువ నూనె రెండూ చూడాలె, కని హబ్బు బేరింగు ప్లే కూడ చూడు. చక్రం లేపి పైనొక చెయ్యి, కిందొక చెయ్యి పెట్టి ఊపు. బేరింగు వదులుంటె సీలు ఒక్కటే మార్చి లాభం లేదు. నూనె తాగిన లైనర్లను పెట్రోలుతోని కడిగి, కాల్చి తిరిగి ఏసేటోళ్లున్నరు, గట్ల చెయ్యకు, వేడెక్కితె లోపలి నూనె మళ్లీ పైకొస్తది. రెండు దిక్కుల లైనర్లూ మార్చు, ఒక్క దిక్కే మారిస్తె బ్రేకు ఒక పక్కకు గుంజుతది.

హన్మకొండ_జీపు:

కొత్త ఫ్లాంజు, సీలు, నట్టు, రెండు క్రష్ స్లీవులు తెచ్చాను. ముందు బేరింగు గుండ్లు నున్నగానే ఉన్నాయి, నీలం లేదు. పాత బేరింగు కాబట్టి 12 నుంచి 14 మధ్య పెట్టిస్తున్నా. పని అయ్యాక ఎంత దూరం తిప్పి ఏం చూడాలి?

కాజీపేట_క్రౌన్:

సిలికాన్ ఆరడానికి ఒక రాత్రి వదిలి, పొద్దున బయల్దేరండి. ఖాళీ బండితో 15 కిలోమీటర్లు, 50 స్పీడు దాటకుండా. ఆగి హౌసింగు మూతి మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉండి చేయి ఆగితే సరే. ఐదు లెక్కపెట్టేలోపు చేయి తీసేయాల్సి వస్తే బిగువు ఎక్కువైంది, అక్కడితో ఆపి తిరిగి కొలవాలి, ఇంకా పది కిలోమీటర్లు నడిపి చూద్దామనుకుంటే బేరింగు పోతుంది. చల్లారాక ఫ్లాంజును మళ్లీ ముందుకు వెనక్కు గుంజండి. అదీ కదలకపోతే, ఆ తర్వాత 60 దాటించి యాక్సిలరేటర్ వదిలి మోత వినండి. 200 కిలోమీటర్ల తర్వాత నూనె మట్టం, జాయింట్ రాడ్డు నాలుగు బోల్టులు చూసి, ఆ తర్వాతే మిర్చి బస్తాలు ఎక్కించండి.